రెండో భాగం

మొదటి భాగానికి వెళ్ళినప్పుడు
రెండు టికెట్ల డబ్బులు, ఒకే బండి, నలుగురం.
గేటు దగ్గర ప్రభుదాసు ఏం చెప్పాడో ఏమో
నలుగురం లోపలే ఉన్నాం.
తెర మీద పనీపాటా లేని నలుగురు వెధవలు.
"మనమేరా!" అని అరిచాం.
"తెలుస్తూనే ఉంది, కూచోండి" అన్నాడు
వెనక వరసలో పెద్దాయన.

ఆఖరి పంటు కావాలనే వదిలేసి
నరసాపురం రేవు మెట్ల మీద పడుకున్నాం.
తెల్లారి మొదటి పంటులో, చేపల బుట్టల మధ్య,
మా వాసనే ఎక్కువని దింపేయబోయారు.

పదకొండేళ్ళకి రెండో భాగం వచ్చింది.
రోజు కుదరడానికి ఇంకో పదకొండు రోజులు.
సూర్రాజుకి రొయ్యల చెరువులో తెల్లమచ్చ భయం,
కొండలుకి అత్తారింట్లో గృహప్రవేశం,
ప్రభుదాసుకి బళ్ళో పరీక్షల డ్యూటీ.
వాడు కాపీ కొట్టకుండా కాపలా కాస్తున్నాడంటే
నేనిప్పటికీ నమ్మను.
నాకా? నాకేం పనిలేదు.
అది చెప్పడానికి సిగ్గేసి
నాకూ కుదరదన్నాను, రెండుసార్లు.

నాలుగు బళ్ళు. నాలుగు హెల్మెట్లు.
తెర మీద వాళ్ళకీ పొట్టలొచ్చాయి.
పాత బడ్డీకొట్టు చోట ఏటీఎం.
నవ్వాల్సిన చోటల్లా సూర్రాజు ఫోను వెలుగుతోంది:
కరెంటు పోయింది, ఏరేటర్లు ఆగాయి,
జనరేటర్లో డీజిలుందా?
విశ్రాంతిలో ఎవడూ సిగరెట్టు అడగలేదు.
కొండలు మాటిమాటికీ జేబు తడుముకుంటున్నాడు,
చంటిదాని జ్వరం మందు ఉందా లేదా అని.

అసలు ముడి పడే వేళకి,
ఆ ఆఖరి వెధవ ఉద్యోగం కాయితం మీద
సంతకం పెడతాడా పెట్టడా అన్న చోట,
"ఆఖరి పంటురా" అని లేచింది ఎవరనుకున్నారు?
నేనే.

వశిష్ఠ మధ్యలో, పాటు మీద,
ఇసక మేట ఎక్కి కూచుంది పంటు.
సరంగు ఇంజన్ని రెండుసార్లు దగ్గించి
"పోటు తగిలేదాకా ఇంతేనండి, ఆయ్" అని బీడీ ముట్టించాడు.
అటు నరసాపురం దీపాలు, ఇటు సఖినేటిపల్లి చీకటి.
నాలుగు ఫోన్లూ మోగాయి.
నలుగురం ఒకే మాట చెప్పాం: మా తప్పేం లేదు.
ఎన్నేళ్ళయిందో ఆ మాట కలిసి అని!

సూర్రాజు చెప్పులు విప్పి నీళ్ళలో కాళ్ళు పెట్టాడు.
"వాడు సంతకం పెట్టుంటాడంటావా?"
"పెట్టడు" అన్నాడు ప్రభుదాసు.
"పెడతాడ్రా. పెట్టి, పెన్ను ఎత్తుకొచ్చేస్తాడు" అన్నాడు కొండలు.

బీడీ ఆరిపోయి సరంగు కునుకుతున్నాడు.
ఎప్పుడో, అడుగున, చిన్న కదలిక.
పోటు తిరిగింది.
నలుగురికీ తెలిసింది.
సరంగుని
ఎవడూ లేపలేదు.