పదో వేలు

షట్టరు సగం దించి ఉంది.
కిందనుంచి వంగి వస్తున్నారు జనం,
చావింటికి వచ్చినట్టు చెప్పులు బయటే విడిచి.

పలాస స్టేషన్ రోడ్డులో
మహేంద్రగిరి కోపరేటివ్ బ్యాంకు.
పంతొమ్మిదేళ్ళు క్యాషియర్ని నేనిక్కడ.
ఇప్పుడు క్లెయిము ఫారాలు నింపిపెడుతున్నాను.
పెన్ను అదే, దారంతో బల్లకి కట్టింది.

ఐదు లక్షల దాకా బీమా ఉందని
గోడకి కాగితం అంటించాం.
ఎనిమిది లక్షలున్న సున్నంబట్టీ గురువులు
దాని ముందు అరగంట నిలబడ్డాడు.
మిగతా మూడూ ఎప్పుడన్నాడు.
అన్నీ అమ్మాక, అందరికీ పంచాక, మిగిలితే, అన్నాను.
"మిగిలితే" అన్న ముక్కని
మావిడిటెంకలా చప్పరించుకుంటూ వెళ్ళాడు.

దువ్వారపు అసిరమ్మ వంతు.
అరవై మూడు వేల నాలుగొందలు.
పాసుబుక్కు తెరిస్తే జీడినూనె వాసన,
నా చేతిరాత, నా సంతకం,
ఎక్కడా రాసి లేని నా "భయం లేదమ్మా".

"బాబూ, నా డబ్బులు లోపల పెట్టెలో నేవేటి?"

పెట్టెలో ఎప్పుడూ లేవు అసిరమ్మా.
నువ్విచ్చిన వారంలోనే గడప దాటాయి.
నువ్వు కూచుని పిక్కలు కొట్టే ఫ్యాక్టరీ ఓనరే
లేని బస్తాలు చూపించి అప్పు పట్టుకెళ్ళాడు.
శనివారం నీ చేతిలో పెట్టిన కూలి
నీ డబ్బే అయ్యుంటుంది.
సోమవారం అదే తెచ్చి నాకిచ్చావు.
నేను తడిస్పాంజిలో వేలద్ది లెక్కపెట్టి
సరిపోయిందన్నాను.

కాసేపు పైకప్పుకేసి చూసింది.
"అయితే ఒకే నోటుకి
నాను రెండుమార్లు కష్టపడినానన్నమాట."

బొటనవేలు పెట్టమన్నాను.
మిషను ఎర్రగా వెలిగి కాదంది.
చూపుడువేలు. కాదంది.
జీడిసొన తినేసిన వేళ్ళు,
గీతలు కరిగి కొత్త గచ్చులా నున్నగా.
కొబ్బరినూనె రాసింది, చెంగుకి తుడిచింది,
నోటితో ఊదింది.
ఖాతా తెరిచిన నాటి కార్డు మీద
నీలిసిరాలో ఆమె ముద్ర ఉంది,
దుక్కి దున్నిన మడిలా సాళ్ళు సాళ్ళుగా.
ఆ మనిషి ఈ మనిషి కాదంటోంది మిషను.
వెనకాల వరసలో ఎవరో విసుక్కున్నారు.

తొమ్మిదయ్యాయి.
ఎడంచేతి చిటికెన వేలు.
పిక్క పట్టుకున్నప్పుడల్లా
అదొక్కటే పైకి లేచి ఉంటుందట.
పచ్చదీపం.

"పెళ్ళిలో మావోడు పట్టుకున్నది
ఈ వేలే బాబూ" అని నవ్వింది.
"ఒగ్గీసి ఎల్లిపోనాడు గానీ
పాడు సెయ్యనేదు."

తేదీ వేశాను. తొంభై రోజులన్నాను.
ఆ పాతమాట నోటిదాకా వచ్చింది, మింగాను.

షట్టరు కిందనుంచి వంగి వెళ్తూ
ఆ వేలిని చీరచెంగులో చుట్టుకుంది,
చిల్లరడబ్బులు ముడేసుకున్నట్టు.