పది మిల్లీబార్లు

రోహిణి కార్తె. పొద్దున ఏడున్నరకే
పెద్దవూర దిక్కు నుంచి దుమ్ము లేస్తున్నది.
ట్రైనింగ్ రన్‌వే పక్కన రేకుల గదిల
నేను, రేడియో, చల్లారిన చాయ్.

గాలి పీడనం అడిగితే చెప్పిన,
అంకెకు అంకె విడదీసి:
వన్ జీరో జీరో త్రీ.
పైనుంచి నవ్‌జోత్, లూధియానా పిల్ల,
మూడో సోలో ఆమెకు,
తిరిగి అప్పజెప్పింది:
వన్ జీరో వన్ త్రీ.
"కరెక్ట్" అన్న నేను.

విన్ననా అంటే, విన్న.
నేను చెప్పిందే ఇంకా నా చెవిల ఉండె.
ఆమె మాట దాని మీద కాసేపు వాలి
ఎగిరిపోయింది.

రిజిస్టర్ల అయితే కొట్టేసి దిద్దుకుంటం.
పైన ఒక్కో మిల్లీబారు ఇరవై ఎనిమిది అడుగులు.
ఆమె డయల్ మీద పదిహేను వందలు.
ఆమె ఉన్నది పన్నెండు వందల ఇరవైల.
నడుమ రెండువందల ఎనభై అడుగుల్ల
ఒక్క నా "కరెక్ట్" ఉన్నది.

మా నాయిన చందంపేట చుట్టుపక్కల
బోరుబండి మీద పనిచేసెటోడు.
మిషన్ మోతల ఇరవై అని ఒర్లితే
అరవై అని రాసుకున్నడు అంజిలయ్య.
నలభై అడుగుల పైపు పైసలు
నీళ్లు పడని రైతు కట్టిండు.
అప్పటి సంది నాయిన నోరు మూసుకొని
వేళ్లు చూపెటోడు.
ఎదుటోడు అన్నే వేళ్లు లేపినంకనే
మిషన్ కదలనిచ్చెటోడు.
నాయినకు తొమ్మిదే వేళ్లు.
పది చెప్పాలంటే
రెండుసార్లు ఐదు.

ఏడు నలభై రెండుకు ఫోన్ మోగింది.
గొర్ల బీరయ్య. మా నంబరు తీసుకున్న సంది
ఎన్నడూ చేసినోడు కాదు.
"మేడం, మీ ఇమానం కడుపు కింద
నట్లు కూడ కనవడ్తున్నయ్.
గొర్లు చెదిరిపోయినయ్.
కరెంటు తీగల గుట్ట దిక్కే పోతున్నది, సూడుండ్రి."

అంకెలు తర్వాత.
ముందు "క్లైంబ్, క్లైంబ్" అన్న.
ఆమె ఎక్కినంక, ఆగి ఆగి:
వన్. జీరో. జీరో. త్రీ.
రెండు సెకండ్లు ఉత్త గరగర.
తర్వాత చిన్న గొంతు:
జీరో... జీరో.

సాయంత్రం రిపోర్టు ఫారంల
"కారణం" అన్న గడి నా ముందుంది.
రేడియో సరిగ్గ వినరాలేదని రాయి,
అయిపోతది, అన్నరు సార్.
మంచిగనే వినొచ్చింది సార్.
ఎదురుచూసిందే విన్న అని రాసిన.
గడి చాలలే,
అంచు మీద కూడ రాసిన.

నవ్‌జోత్ తలుపు కాడ నిలవడి
చాయ్ ఉన్నదా అని అడిగింది.
చేతులు ఇంకా వణుకుతున్నయ్ ఆమెకు.
చక్కెర ఎన్ని చెంచాలు?
రెండు వేళ్లు లేపింది.
నేనూ రెండు లేపి,
ఆమె తల ఊపేదాక
చెంచా ముట్టలే.