శుక్రవారం, పసుపు కోట్లు

ముగ్గురికీ ఒకటే ఫ్లాస్కు.
హాల్డోరా నర్సు, ఓర్వార్ లారీ నడుపుతాడు,
నేను చేపల ఫ్యాక్టరీలో తూకం దగ్గర.
కోట్లు మునిసిపాలిటీవి;
నా చేతులు నాదాంట్లో ఎక్కడో పోయాయి.

ఐస్‌లాండ్ ఉత్తరపు కొసన, నవంబరులో
రాత్రి మధ్యాహ్నమే మొదలవుతుంది.
మేం పోలీసులం కాము. జేబులు వెతకం.
రేవు చుట్టూ నడుస్తాం,
బూట్ల కింద మంచు కరకరమంటుంటే.

శీతల గిడ్డంగి వెనక నలుగురు.
ఒక చేయి చటుక్కున వీపు వెనక్కి పోయింది.
గాజు చప్పుడు.
ఓర్వార్ టార్చి నేలకే ఉంచాడు,
మొహాల మీద వేయలేదు.
"స్నోర్రీ, మీ అమ్మమ్మ తుంటి ఎముక అతుక్కుందా?"
అనడిగింది హాల్డోరా.
ముగ్గురు కోకో తాగారు. నాలుగోవాడు వద్దన్నాడు.
నాలుగోవాడు నా కొడుకు.

ఏమనాలో ఎన్నిసార్లు వల్లించుకున్నానో!
ఒక్క మాటా నోటికి రాలేదు.
ముప్పై ఏళ్ళ కింద ఈ గోడకే ఆనుకుని
నేనూ, ఇంగీ,
ఎవరైనా వస్తారేమోనని బెదురుతూ తాగాం.
ఎవరూ రాలేదు.
వచ్చుంటే బాగుండునని
తెల్లారి ఇంగీని నీళ్ళలోంచి తీసినప్పుడు అనుకున్నాను.
ఇప్పటికీ అనుకుంటాను.

"జిమ్ తాళం నా దగ్గరుంది," అన్నాడు ఓర్వార్,
"బంతిలోనే గాలి తక్కువ."
ముగ్గురూ కదిలారు.
వాడు సీసాని మెల్లగా మంచులో దించి
నన్ను ఎగాదిగా చూశాడు.
"ఇది నీ కొలత కాదు నాన్నా."
దగ్గరికొచ్చి నా చేతులు మడతపెట్టబోయాడు.
వేళ్ళు సరిగా ఆడలేదు,
చలికో, దేనికో.