వాలు, పాలు

తరమణిలో మూడో అంతస్తు. రాత్రి పదకొండున్నర.
తెర మీద ఒక మంత్రసాని రాసిన పుస్తకం:
'పసిబిడ్డల పరామరిక', నాగలాపురం ఆండాళమ్మ,
తంగసాల వీధి, మదరాసు, యాభై ఆరులో అచ్చు.
సీసం అరిగి, సిరా పూడి
'ప' నెత్తిన తలకట్టు ఒంటికి అంటుకుపోయింది.
కాగితం చదివిన యంత్రానికి
అనుమానమన్నదే లేదు, 'వ' అనుకుంది.
అందుకని సగం పేజీల్లో
తల్లి వాలు, ఆవు వాలు,
విరిగిన వాలు, చెంచాతో పట్టే వాలు.

ఇంతేగా అనుకున్నాను.
వెతుకు: వాలు. మార్చు: పాలు. ఎన్ని?
అన్నీ.
అన్నీ అనడానికి ఒక్క మీట చాలు.
రెండువేల మూడువందల పదకొండు చోట్ల, రెప్పపాటులో.

కాఫీ తాగొచ్చి చూద్దును గదా,
కష్టమైన ప్రసపాలు.
బిడ్డ అవయపాలు.
బారసాల ఉత్సపాలు, ఆండాళమ్మ అనుభపాలు.
బాలింత పాలుకుర్చీలో చేరగిలబడి ఉంది.

పగలబడి నవ్వాను.
పక్క సీటు ఎళిలరసి హెడ్‌ఫోన్ తీసి ఏమైందంది.
మీ భాషలోనూ పాల్ పాలే కదా, అని మొదలుపెట్టి
ఎటు తీసుకెళ్ళాలో తెలీక
బిస్కెట్ ఇచ్చాను.

కంట్రోల్ జెడ్.

చుక్క అంటే ఏదో ఒక్క అక్షరం అని నాకు నేర్పినాయన
తెలుగు చూసుండడు.
'స్త్రీ' మీద చుక్క వేస్తే
ఒట్టి 'స' చేతికొస్తుంది.
పొల్లూ, తకారమూ, మళ్ళీ పొల్లూ, రేఫా, దీర్ఘమూ
గుమ్మం బయటే నిలబడి ఉంటాయి.
స్త్రీ మొత్తం రావాలంటే ఆరు చుక్కలు పెట్టాలి.
చుక్క పక్కన నక్షత్రం పెడదామా,
అది ఆశపోతు.
పంక్తి చివరిదాకా మింగి
ఇంకేం లేదా అన్నట్టు చూస్తుంది.
మాట అంచు పట్టుకోమనే గుర్తు కూడా ఉంది.
మన మాటలకి అంచులెక్కడివి?
ఒకదాని తోక ఇంకొకదాని నోట్లో.

ఒంటిగంటకి కరెంటు పోయింది, జనరేటర్ దగ్గి అందుకుంది.
కిటికీ అవతల వేళచ్చేరి వైపు వాన.

చివరికి వెనుచూపు పెట్టాను:
ముందర అక్షరంగానీ గుణింతంగానీ ఉంటే
ముట్టుకోకు.
అది వెనక్కి చూస్తుంది,
చూసినదాన్ని తనలో కలుపుకోదు.
అలా చూడగలిగిన పెద్దవాళ్ళు
మా వంశంలో ఒక్కరూ లేరు.

ఈసారి అన్నీ అనలేదు.
ఒక్కొక్కటీ అడుగు అన్నాను. అడిగింది.
మేక వాలు? అవును.
మరిగించిన వాలు? అవును.
పొద్దు వాలు వేళ బిడ్డని వాకిట్లో పడుకోబెట్టకు?
కాదు, అది వాలే. ఉండనీ.
అవును, అవును, అవును, కాదు.
మూడింటికి నా వేలు
నన్నడక్కుండానే అవునంటోంది.
లేచి మొహం కడుక్కుని వెనక్కెళ్ళి
ఆఖరి నలభై మళ్ళీ చూశాను.

నాలుగున్నరకి, ఎనభై ఎనిమిదో పేజీలో,
అడుగున, చీమతలకాయలంత అచ్చులో ఒక పాదసూచిక:

'నా చేతుల మీద పుట్టినవాళ్ళు నాలుగు వందల పైచిలుకు.
నా కడుపున పుట్టిన ఇద్దరూ మట్టివాలయ్యారు.'

ముందు అక్షరం ఉంది కాబట్టి నా వెనుచూపు తప్పుకుంది.
లేకపోయినా దొరికేది కాదు,
చివరి ఉకారం 'అయ్యారు'లో కలిసిపోయింది.
ఏ వైపు నుంచీ నమూనాకి అందని చోట
ఆవిడ అది పెట్టింది.
పెట్టి, కింది పేజీలో
గోరువెచ్చని నీళ్ళెన్ని, చక్కెరెంత, అని
మళ్ళీ లెక్కలోకి వెళ్ళిపోయింది.

కర్సర్ తీసుకెళ్ళి నిలబెట్టాను.
కాసేపు అది అక్కడే మిణుకుమంది.
'వ' చెరిపాను. 'ప' కొట్టాను.

కింద ఆవిన్ బండి ఆగిన చప్పుడు,
తడి ప్లాస్టిక్ ట్రేలు ఒకదాని మీదొకటి.
ఎళిలరసి సంచీ సర్దుకుంటూ ముడింజిదా అంది.
అయిపోయిందన్నాను.

మార్పుల చిట్టా నింపాలి.
యంత్రంతో: వెయ్యిన్నీ తొమ్మిదివందల నలభై ఆరు.
చేత్తో: ఒకటి.
కారణం అనే గడిలో
'సంధి' అని రాశాను.