ఒకటి తక్కువ

ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూస్తాం,
సుళ్లు చూస్తాం,
నాలుగడుగులు నడిపించి చూస్తాం.
దీన్ని ఏం చూసి కొనాలో
గిరింపేట దాకా బస్సులో ఆలోచిస్తానే వచ్చినాను.

చెంగల్రాయ మొదలియారు
పూజగదిలోంచి తెచ్చినట్టు తెచ్చినాడు,
రెండు చేతుల్తో, చెప్పులిడిచి.
తువ్వాలు విప్పితే
అరచెయ్యికి కాస్త మించిన నలుపు.
పిడి మీద ఒకచోట మాత్రం
బొటనవేలు రాసీ రాసీ తెల్లబడిన మచ్చ.
ముప్పై ఒక్క ఏండ్లు, అన్నాడు.
ఇప్పుడు చేతులు వణకతాండాయి నాయనా,
కాఫీ లోటానే నిలవడం లేదు.

చక్రం పక్కకు తెరిచి చూపించినాడు.
ఆరు గూళ్లు.
పావురాలు లేని గూళ్లు.
కిటికీకేసి పట్టి చూడమన్నాడు.
గొట్టంలోంచి
ఎదురింటి డాబా మీద ఆరేసిన లంగా,
గుండ్రంగా, చిన్నగా, ఎర్రగా.

నాకు కాదు, మా దేశమ్మక్కకు.
తవణంపల్లె దారిలో బెల్లం కాటా ఆమెది.
గానుగలాడే కాలంలో
రైతులకియ్యాల్సిన డబ్బు రాత్రిళ్లు ఇంట్లోనే ఉంటాది.
ఉండేది ఆమె, చెవులు వినపడని అత్త.
పోయిన ఆడినెల్లో వచ్చినోళ్లు
ముందు కుక్కకు అన్నం పెట్టినారు.
తెల్లారి చూస్తే అది
గడప మీద తల పెట్టుకోని ఉంది.
డబ్బుతో సరిపెట్టుకోక
కాటా రాళ్లు కూడా ఎత్తకపొయినారు.
వాళ్లు బీరువా పగలగొడతా ఉన్నంత సేపూ
అక్క లోపలి గదిలో
వినపడని ఆ అత్త చెవులు
రెండు చేతుల్తో మూసిపెట్టుకోని పడుకున్నిందంట.

లైసెన్సుకు ఎనిమిది నెలలు.
విచారణకొచ్చిన ఎస్సై
ఆడమనిషికి ఇదెందుకమ్మా అన్నాడు.
దొంగలు ఆ మాట అడగలేదు సార్, అనింది అక్క.

బేరం అరవై రెండు వేలకు తెగింది.
గుండ్ల డబ్బా వేరే.
దాంట్లో మడతల కాడ చిరిగిన కాగితం ఒకటి,
ముత్యాల్లాంటి రాత:
కొన్నవి ఇరవై అయిదు.
ఉన్నవి ఇరవై నాలుగు.

ఆ ఒకటా, అని నవ్వినాడు పెద్దాయన,
కొన్న కొత్తలో, దీపావళికి, ఆకాశంలోకి.

అంతదాకా వంటింట్లో గిన్నెల చప్పుడు ఉన్నింది.
ఆగిపోయింది.
నేను తల దించుకున్నాను.
అప్పుడు కనపడింది
గోడకు మోకాలెత్తులో తగిలించిన క్యాలెండరు,
పాకే బిడ్డకు తప్ప
ఎవురికీ తేదీ అందని ఎత్తులో.
ఏ ఏటిదో కూడా.

సంతకాలకు అక్కే వచ్చింది.
తుపాకుల దుకాణంలో రిజిస్టరు, కలెక్టరాఫీసులో ముద్ర,
ఇనుముకు పేరు మారింది.
ఇంటికి పోతానే కాటాలో పెట్టింది. అలవాటు.
ముక్కాలు కిలోకు యాభై గ్రాములు తక్కువ, అనింది.
కాసేపుండి,
ఈయన ఎవురికి భయపడి కొన్నాడంట, అని అడిగింది.
అడగలేదన్నాను.
క్యాలెండరు సంగతి చెప్పలేదు.
దాన్ని ఎక్కడ దాచిందో
ఆమె నాకు చెప్పలేదు.

ఆదివారాలు ఫోన్ చేస్తాను.
బాగుండావా అని నేనడగను.
ఇరవై నాలుగు, అంటాది.
సరేక్కా, అంటాను.
తర్వాత బెల్లం ధర మాట్లాడుకుంటాం.

మొన్న ఊరికి పొయినప్పుడు
కాళ్లు కడుక్కోకముందే గోడలు చూసినాను.
క్యాలెండరు ఎప్పటి మేకుకే,
కాటాకు పైన, మనిషెత్తులో.
అయినా దాని వెనక చెయ్యి పెట్టి తడిమినాను.
సున్నం. చల్లగా, నున్నగా.

తిరిగి చూస్తే
మంచం మీద నుంచి
చెవులు వినపడని అత్త
నా చేతినే చూస్తా ఉండాది.