ఓస్లా టార్చిలైటు లెక్క

షెట్లాండ్‌లో, యెల్ దీవిలో, రేవు పక్కనే నా కొట్టు.
మేకులు, తాళ్లు, గొర్రెల మందు, రబ్బరు బూట్లు.
మార్చి ఆఖరి వారం, వాన అడ్డంగా కొడుతున్న పూట
ఓస్లా వచ్చి పాత టార్చిలైటు బల్ల మీద పెట్టింది.
కడుపులో నాలుగు లావుపాటి బ్యాటరీలు,
నెత్తిన సొట్ట. అది ఏ పొట్టేలు పెట్టిందో నాకు తెలుసు.

"ఛార్జింగుది చూపించు," అంది.
చూపించాను. నల్లటిది, జానెడు.
నీళ్లలో పడ్డా రాతి మీద పడ్డా చెక్కుచెదరదు.
వెయ్యి లూమెన్లు. ఎనభై ఆరు పౌండ్లు.
ధర వినగానే కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.
అది బేరానికి మొదలని ఇక్కడ అందరికీ తెలుసు.

దాణా రసీదు తిరగేసి నేనే లెక్క ఎత్తుకున్నాను:
నాలుగు బ్యాటరీలు ఏడు పౌండ్లు, అయిదు రాత్రులకు సరి.
గొర్రెలు ఈనే కాలం ముప్పై అయిదు రాత్రులు.
ఏడేళ్ల నలభై తొమ్మిది.
అదే దీనికైతే రాత్రికి ఒక్క పెన్నీ కరెంటు.
"రెండో వసంతానికల్లా పెట్టుబడి తిరిగొస్తుంది."

ఆమె నా పెన్సిలు లాక్కుంది.
"రాత్రులన్నీ ఒకే పొడుగని ఎవరు చెప్పారు నీకు?
ఏప్రిల్ నడుమ చీకటి చేతినిండా ఉంటుంది.
మే వచ్చాక ఈ దీవిలో రాత్రంటే
కూలికొచ్చి గంటకే ఇంటికెళ్లే మనిషి.
ఏడు కాదు, అయిదు సెట్లు రాయి."
ఏడైదుల ముప్పై అయిదు.
తిరిగొచ్చేది మూడో వసంతానికి.
"లోపలి బ్యాటరీ?"
"అయిదేళ్లు. మారిస్తే ఇరవై రెండు."
డెబ్బై ఒకటి నిండిన మనిషి ఆ అయిదు చుట్టూ
పెన్సిలుతో సున్నా చుట్టి, ఏమీ అనలేదు.

తర్వాత అడిగింది: "ఇది ఎలా ఆరిపోతుంది?"

ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు.
అమ్ముకునేవాణ్ణి, అబద్ధమాడొచ్చు.
"చెప్పకుండా," అన్నాను. "వెలుగుతూ వెలుగుతూనే, టక్కున."
పాతదైతే ముందు పసుపు, ఆనక ఆరబోయే నిప్పు రంగు,
కంచె తలుపు దాకా నడిచొచ్చే వ్యవధి ఇస్తుందట.
దీపం కొండెక్కడం మనందరికీ ఒక మాట.
ఆమె దీపం కొండెక్కేసరికి ఆమె కూడా కొండమీదే ఉంటుంది,
మోచేతి దాకా చెయ్యి గొర్రె లోపల పెట్టి.

కొత్తది కొంది. పాతదానికి నాలుగు బ్యాటరీలూ కొంది.
తొంభై మూడు.
ఇద్దరి లెక్కా చెడింది.

మే ఆఖర్లో కంచె మేకుల కోసం వచ్చింది.
"ఎలా ఉంది?"
పూర్తి వెలుతురు వేస్తే, మొదటి రాత్రే,
తల్లిగొర్రె బెదిరి పిల్లను వదిలేసి పరుగెత్తిందట.
అప్పట్నించీ అన్నిటికన్నా చిన్న వెలుగు మీదే నడిపింది.
కాలమంతా కలిపి ఛార్జి పెట్టింది నాలుగుసార్లు.
"నాలుగు పెన్నీలు," అంది,
నా రసీదు నాకే అప్పగిస్తున్నట్టు.

చిక్కు ఇంకోచోట వచ్చింది.
సముద్రపు పాయకు అవతలి ఒడ్డున లౌరీ
పదహారేళ్లుగా ఆమె పసుపు దీపం
కొండ దిగి ఇంటి తలుపు చేరాకే పడుకుంటున్నాడు.
ఎప్పుడూ చెప్పలేదు. ఆమెకూ తెలీదు.
ఈ చిన్న వెలుగు అతని కిటికీ దాకా పోదు.
రాత్రి రెండింటికి ఫోను: "ఓస్లా, ఉన్నావా?"
తిట్టింది, నెత్తుటి చేతుల్తో ఫోనెత్తాల్సి వచ్చిందని.
మర్నాటి నుంచి పనయ్యాక, తలుపు దగ్గర నిలబడి
వెయ్యి లూమెన్లూ ఒక్కసారి అతని కిటికీ మీద కొట్టేది.
నిద్రపోయుంటే లేస్తాడు. లేస్తే లేవనీ.

"దానికెంతవుతుందో చెప్పు," అంది.
రాత్రికి మూడు సెకన్లు.
కాలిక్యులేటరు నొక్కాను. ముందొక సున్నా,
చుక్క, మళ్లీ సున్నాలు,
చివర కనపడీ కనపడని ఏదో అంకె.
"రాసుకోనా?"
"మేకులు తూచు," అంది.