కీ పేపర్లో లేనిది

గుంటూరులో ఏప్రిల్. స్పాట్ వాల్యుయేషన్.
కిటికీలోంచి యార్డు మిర్చి ఘాటు;
ఎర్ర పెన్ను పట్టిన ప్రతివాడూ
తుమ్ముతూనే మార్కులేస్తున్నాడు.

పద్నాలుగో ప్రశ్న:
కాలనీల వాళ్లు బ్రిటిష్ పాలన మీద ఎందుకు తిరగబడ్డారు?
కీ పేపరు చెప్పే కారణాలు ఐదు.
స్టాంపు పన్ను, టీ పన్ను, సభలో తమవాడు లేకపోవడం, అలా.
కారణానికి రెండు మార్కులు.
పొద్దుటి నుంచీ ముప్పై మూడు పేపర్లలో
అదే టీ
అదే సముద్రంలో పడుతూ ఉంది.
నా గ్లాసులోది చల్లారి తొరక కట్టింది.

ముప్పై నాలుగోది.
పిల్లో పిల్లాడో తెలీదు, పేరు లేదు, బార్‌కోడ్ ఉంది.
చీమలు చెదిరినట్టు రాత.
మొదటి వాక్యం పద్ధతిగానే మొదలై
రెండోదానికల్లా సముద్రం దాటి
మా జిల్లాలోకొచ్చి పడింది:

"మా తాతమ్మ వాళ్లమ్మ పేరిందేవమ్మ గారి చేను కాలవ చివర.
నీళ్లు అందాకా వచ్చేవి కావు. నీటి తీరువా వచ్చేది.
ఆ ఏడు ఊళ్లో ఎవరూ కట్టలేదు.
అమీను జప్తుకొచ్చి బర్రెని విప్పించాడు. ఆమె ఏమీ అనలేదు.
మంచం బయట వేయించాడు. ఏమీ అనలేదు.
తర్వాత చెప్పులతో వంటింట్లోకి పోయి
పొయ్యి మీది ఇత్తడి తపేలా దింపించి
ఉడుకుతున్న అన్నం దొడ్లో కుమ్మరించి
తపేలా బరువు రాసుకున్నాడు.
అప్పటిదాకా ఆమె దొరల పక్షమేనంట.
వాళ్లొచ్చాకే కాలవొచ్చిందని దణ్ణం పెట్టేదంట."

పెన్ను కింద పెట్టాను.

"వేలంలో ఊరివాళ్లెవరూ పాట పాడలేదు.
పట్నంబజార్లో పాత ఇత్తడి కొనే మొహిద్దీన్ సాహెబుని
బండెక్కించి తెచ్చారు.
ఆయన తపేలా తిరగేసి చూశాడు. అడుగున మెతుకులు.
అప్పటికి వారం అయింది.
'ఇంకా కాలుతోందండీ, నేను పట్టలేను' అని
గుంటూరు దాకా నడిచే పోయాడు, బండెక్కకుండా.
అందుకని తిరగబడ్డారు."

అంతే. కింద గీతైనా కొట్టలేదు.

మా చీఫ్ జక్రయ్య గారికి చూపించాను.
కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని చదివారు.
"ప్రశ్న అమెరికాది కదయ్యా" అన్నారు.
మళ్లీ చదివారు.
"మావాళ్లింట్లో రోకలి పట్టుకుపోయారంట.
రోకలికి ఎవడు పాడతాడు? అయినా పట్టుకుపోయారు."
ఇంతలో మజ్జిగ ప్యాకెట్లొచ్చాయని లేచారు.
ఎన్ని వేయాలో చెప్పలేదు.

కీలో ఉన్నవి కారణాలే, కాదనను.
ఇరవై రెండేళ్లుగా బోర్డు మీద నేనే రాసి
పిల్లలచేత ఎక్కించుకోమన్నాను.
అణాలకీ బేడలకీ వంగుతూ వచ్చిన నడుము
ఏ మెతుకు దగ్గర నిటారుగా లేస్తుందో
దానికి నంబరు వేసి
ఒక్క ఏడూ చెప్పినట్టు లేను.

కారణానికి రెండు చొప్పున
ఇందులో ఉన్న కారణం ఒక్కటే.
మార్జిన్లో రెండు వేశాను.

ఫ్యాను చప్పుడు. ఎవరో తుమ్మారు.

రెండు కొట్టేసి ఎనిమిది వేశాను.
కొట్టివేత పక్కన సంతకం చేయాలని రూలు.
పొట్టి సంతకం చాలు.
ఇంటిపేరుతో సహా
పూర్తిగా చేశాను.